ఇద్దరే నడిపే పడవలో మూడు కొక్కేల టెథర్: ఏళ్ల తరబడి వాడాక

తెరచాప పడవలో తీరం వెంబడి తిరిగేవాళ్లు లైఫ్‌జాకెట్ కొనేముందు పదిమందిని విచారిస్తారు. టెథర్ దగ్గరికి వచ్చేసరికి చేతికందినది తీసుకుంటారు. పడవలో ఉండేది భార్యాభర్తలిద్దరే అయితే ఈ వరస మారాలి. లైఫ్‌జాకెట్ అక్కరకొచ్చేది నీళ్లలో పడ్డాక. అసలు పడకుండా ఆపేది టెథర్. ఒకరు పడిపోతే వెనక్కి తిప్పడానికి, తెరచాప దించడానికి, రేడియోలో సాయం అడగడానికి, మనిషిని పైకి లాగడానికి మిగిలేది ఒక్కరే. మా ఆయన నాకంటే చాలా బరువు. నీళ్లోడుతున్న బట్టలతో ఆయనను నేనొక్కదాన్నే రెయిలింగు దాటించలేను.

మాది తొమ్మిది మీటర్ల పడవ. ఇంగ్లండ్ దక్షిణ తీరాన పూల్ రేవులో ఉంచుతాం. టెథర్ తెలియనివారికి ఒక మాట: ఒంటి మీది లైఫ్‌జాకెట్‌ను పడవకు కట్టి ఉంచే గట్టి నేత పట్టీ అది. మేము వాడే రకంలో ఒక కొక్కెం ఛాతీ దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఒక మీటరు పట్టీ, రెండు మీటర్ల పట్టీ బయలుదేరతాయి. ఒక్కోదాని చివర ఒక్కో కొక్కెం. పొడవుదాని లోపల ఎలాస్టిక్ ఉంటుంది కాబట్టి వాడనప్పుడు ముడుచుకుని, కాళ్లకు అడ్డం పడకుండా ఉంటుంది.

పొడవుది సౌకర్యం, అందుకే చాలామంది దానితోనే తిరుగుతారు. కానీ లెక్క చూడండి. మా పడవ వెడల్పు మూడు మీటర్లు. టెథర్ కొక్కెం తగిలించుకోవడానికి డెక్ పొడవునా అంచు దగ్గర పరిచిన తాడుకు, అంటే జాక్‌లైన్‌కు, రెండు మీటర్ల పట్టీ తగిలించుకున్న మనిషి జారితే నేరుగా నీళ్లలోకే వెళతాడు. పడవ ఆగదు, మనిషిని పక్కన ఈడ్చుకుపోతుంది. అలా కట్టి ఉండి కూడా ఊపిరాడక చనిపోయినవారున్నారు. డెక్ మీద పనికి నేను నమ్మేది పొట్టి పట్టీనే, అదీ పడవ నడిమికి దగ్గరగా తగిలిస్తేనే.

దాని విలువ వెయ్‌మౌత్ నుంచి తిరిగి వస్తుండగా సెయింట్ ఆల్బన్స్ హెడ్ దగ్గర తెలిసింది. ఆ కొండ ముందు నీటి అడుగున రాతి గట్టు నైరుతి వైపు సాగి ఉంటుంది. ప్రవాహం తూర్పుకు నడుస్తున్నంతసేపు నైరుతి గాలి దానికి తోడుంటుంది. అది పడమటికి తిరిగిందంటే గాలికి ఎదురై అలలు నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. ఆ రోజు గాలి బోఫర్ట్ కొలమానంలో ఆరుకు చేరింది, అంటే 22 నుంచి 27 నాట్లు. గట్టుకు బాగా ఎడంగా తిరుగుతున్నా పడవ ఊగిపోతోంది. పెద్ద తెరచాపను ఇంకో మడత కుదించక తప్పలేదు.

"పొట్టిది తగిలించారా?" అని కేకేశాను.

"తగిలించాను. నువ్వు చుక్కాని వదలకు" అన్నారు.

ఆయన మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కన మోకాళ్ల మీద కూర్చుని తాడు లాగుతుండగా పక్క అల ఒకటి పడవను ఎత్తి కుదేసింది. కాళ్లు రెండూ డెక్ అంచు దాకా జారాయి. పట్టీ బిగుసుకుంది, కొక్కెం ఉక్కు రింగు మీద టక్కుమంది, ఆయన క్యాబిన్ పక్కగోడకు ఒరిగి ఆగిపోయారు. తుంటి కమిలింది, అంతకుమించి ఏమీ కాలేదు. లేచి మడత పూర్తి చేసుకునే వెనక్కి వచ్చారు.

రేవు చేరాక చూస్తే పట్టీలోని రంగు దారపు కుట్టు విడిపోయి ఉంది. గట్టి కుదుపు తగిలిందని చెప్పడానికే దాన్ని కుడతారు. అది విడిపోయిన టెథర్‌ను మళ్లీ వాడకూడదు. ఆయనకు అదే రకం కొత్తది కొన్నాం, నాది మాత్రం మొదటిదే.

ఇన్నేళ్లలో నాదాని లోపాలూ బయటపడ్డాయి. ఎలాస్టిక్ సాగిపోయి పొడవు పట్టీ ఇప్పుడు వేలాడుతోంది. తడి గ్లవ్స్‌తో కొక్కెం తెరవడం మొదటి నుంచీ కష్టమే, రెండు వైపులా ఒకేసారి నొక్కాలి. వాడి పడేస్తే స్ప్రింగులో ఉప్పు చేరి బిగుసుకుపోతుంది, ప్రతి ప్రయాణం తర్వాత మంచినీళ్లతో కడగాల్సిందే. ఎండకు నేత రంగు వెలిసింది. రంగు వెలిసిన చోట బలమూ తగ్గుతుంది కనుక దీన్ని ఇక నమ్మను.

కొక్కెం ఎక్కడ తగిలిస్తున్నామో చూసుకోవడం కూడా ముఖ్యం. 2017 నవంబరులో ప్రపంచం చుట్టే పందెంలోని ఒక పడవ మీద, టెథర్ కొక్కెం డెక్ మీది క్లీట్ (తాళ్లు చుట్టి కట్టే కొమ్ముల బిగింపు) కింద ఇరుక్కుంది. పక్కనుంచి బరువు పడడంతో వంగి ఊడిపోయింది, కట్టి ఉన్న నావికుడు ప్రాణాలు కోల్పోయాడు. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం ఈ సంగతి బయటపెట్టింది. ఆ నివేదిక చదివాక మా జాక్‌లైన్లను క్లీట్‌లకు దూరంగా మార్చాం.

మెట్లెక్కి బయటికి వచ్చే ముందే, ఇంకా సగం క్యాబిన్‌లో ఉండగానే తగిలించుకుంటాం. రాత్రి కాపలాలో ఉన్నవాళ్లు రెండోవారిని లేపకుండా కాక్‌పిట్ (చుక్కాని పట్టుకుని కూర్చునే చోటు) దాటరు. నిద్ర పాడైనా సరే, ఈ నియమం మీద మా ఇద్దరికీ పేచీ లేదు.

కొనేవాళ్లు ఐఎస్ఓ 12401 ముద్ర చూడండి. ఛాతీ వైపు ముడి వేసి బిగించేవి కొన్ని ఉన్నాయి, అవి వద్దు. నీళ్లలో ఈడ్చుకుపోతున్నప్పుడు విడిపించుకునే దారి చేతికి అందాలి. ఎలాగైనా సరే, పట్టీ కోసే చిన్న కత్తి లైఫ్‌జాకెట్‌కే కట్టి ఉంచుకోండి. వచ్చే సీజనుకు నాదాన్ని మారుస్తున్నాను. మళ్లీ మూడు కొక్కేలదే తీసుకుంటాను, ఈసారి బరువు పడ్డా ఛాతీ దగ్గర ఒక్క గుంజుతో ఊడే రకం.