ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటితే: మాత్రా, కొత్త సూదా?

తిరుపతిలో నేను పనిచేసే ల్యాబ్‌కు ఈ మధ్య జనం రిపోర్టుతో పాటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) తగ్గించే కొత్త సూది గురించి ఫోన్లో ఒక వార్త కూడా పట్టుకొస్తున్నారు. "స్వామీ, ఈ మాత్రలన్నీ మానేసి నెలకో సూది వేయించుకుంటే పోదా?" నేను డాక్టర్ని కాను. కానీ ఈ కొవ్వు ఎక్కువై ట్యూబులో సీరం (రక్తంలో పైకి తేలే నీరులాంటి భాగం) గేదెపాలలా తెల్లగా నిలబడటం తరచూ చూస్తుంటాను కాబట్టి, నాకు తోచింది చెప్తాను.

ఆ సూది ఒలెజార్సెన్. లివర్‌లో తయారయ్యే అపో-సీ3 అనే ప్రోటీన్ రక్తంలోని కొవ్వు కరగకుండా అడ్డుపడుతుంది. ఈ మందు ఆ ప్రోటీన్ తయారీకే గండి కొడుతుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్ల మీద జరిగిన ట్రయల్స్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఆరు నెలల్లో, మందు లేని ఉత్తుత్తి సూదితో పోలిస్తే, డోసును బట్టి సుమారు సగం నుంచి 72 శాతం దాకా తగ్గింది. ఇదే కొవ్వుకి వాడే పాత మాత్ర ఫెనోఫైబ్రేట్‌తో మామూలుగా తగ్గేది 30 నుంచి 50 శాతం. అంకెల్లో సూదిదే పైచేయి.

నేను మాత్రం ముందు అడిగేది ఒక్కటే: పాంక్రియాస్ (క్లోమం) వాచి ఎప్పుడైనా ఆసుపత్రిలో పడ్డారా? ఆ కడుపునొప్పి పడ్డవాళ్లకే తెలుసు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ట్రయల్స్‌లో ఆ వాపు వచ్చిన సందర్భాలు దాదాపు 85 శాతం తగ్గాయి. నాకు 72 కన్నా ఈ అంకే పెద్దది. ఒకసారి పడి లేచినవాళ్లు ఈ సూది గురించి డాక్టర్ని గట్టిగా అడగాల్సిందే.

అలాంటిదేమీ లేనివాళ్లకు నా ఓటు మాత్రకే. పాత మందు, కిడ్నీ పరీక్ష చూసుకుంటూ ఏళ్ల తరబడి వాడుతున్నారు. సూది పెద్ద డోసులో లివర్ ఎంజైములు పెరగడం, లివర్‌లో కొవ్వు చేరడం కనిపించాయి. ఇంకో సంగతి, ట్రయల్‌లో చేరినవాళ్లు కూడా పాత మాత్రలు మానలేదు.

చేపనూనె గుళికలంటారా, మంచి డోసులో కొంత పనిచేస్తాయి. స్టాటిన్ ప్రధానంగా కొలెస్ట్రాల్‌కి.

మొన్న ఒకాయన 1,400తో వచ్చి సూది గురించే అడిగాడు. షుగర్ అదుపులో లేదు, రాత్రిపూట మద్యం, పైగా తోతాపురి మామిడి సీజన్. ఈ మూడూ ట్రైగ్లిజరైడ్లను ఎగదోసేవే. "మామిడి కూడానా స్వామీ!" అన్నాడు, మిగతా రెండింటి మాట ఎత్తకుండా.