లైనక్స్‌కి ఏ కార్డు: ఆర్‌ఎక్స్ 9070నా, ఆర్‌టీఎక్స్ 5070నా?

బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ బజారులో గ్రాఫిక్స్ కార్డు కొనే మనవాళ్లు ముందు ధర అడుగుతారు. లైనక్స్ వాడేవాళ్లు మాత్రం ముందు డ్రైవర్ (కార్డుని సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) సంగతి చూసుకోవాలి. 9070 ఏఎండీది, 5070 ఎన్విడియాది.

డ్రైవర్: ఏఎండీది కెర్నల్‌లోనే (లైనక్స్ మూల భాగం) ఉంటుంది, గ్రాఫిక్స్ గీసే మీసా లైబ్రరీ డిస్ట్రోతోనే (ఉబుంటు లాంటి లైనక్స్ రకం) వస్తుంది. ఎన్విడియాది విడిగా వేసుకోవాలి, అందులోనూ 50 సిరీస్‌కి ఓపెన్ కెర్నల్ మాడ్యూల్సే (కెర్నల్‌లోకి లోడయ్యే డ్రైవర్ భాగాల ఓపెన్ సోర్స్ రకం) పనిచేస్తాయి.

రిస్క్: 9070కి కొత్త కెర్నల్, కొత్త మీసా తప్పనిసరి, ఉబుంటు 24.04ని మొదట వచ్చిన 6.8 కెర్నల్ మీదే ఉంచేస్తే కష్టం. ఎన్విడియాతో టెన్షన్ వేరు: కెర్నల్ మారిన ప్రతిసారీ మాడ్యూల్ మళ్లీ బిల్డ్ అవ్వాలి, సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే దానికి డిజిటల్ సంతకం కూడా ఉండాలి, ఇందులో ఏది తప్పినా లాగిన్ స్క్రీన్ రాకపోవచ్చు, పొద్దున మీటింగ్ పెట్టుకుని రాత్రంతా టెర్మినల్‌తో కుస్తీ పట్టాల్సి రావచ్చు. వేలాండ్‌లో (లైనక్స్ కొత్త డిస్‌ప్లే వ్యవస్థ) ఎన్విడియా కార్డులకి వచ్చే స్క్రీన్ మినుకుమినుకులు మాత్రం 2024లో వచ్చిన 555 డ్రైవర్‌తో చాలా తగ్గాయి.

మెమరీ: 9070లో 16 జీబీ, 5070లో 12.

ఏఐ పని: ఇక్కడ ఎన్విడియా కార్డుల మీద లెక్కలు నడిపే కుడా (CUDA) సాఫ్ట్‌వేర్‌దే పైచేయి. దానికి పోటీగా ఏఎండీ తెచ్చిన ఆర్‌ఓసీఎం మెరుగవుతోంది గానీ చాలా టూల్స్ ఇంకా కుడానే ముందు చూస్తాయి.

గేమ్స్, రోజువారీ డెస్క్‌టాప్ అయితే కళ్లు మూసుకుని 9070 తీసుకోండి. జీతం కుడా మీద ఆధారపడి ఉంటే 5070 కొని, ఎల్‌టీఎస్ కెర్నల్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే స్థిరమైన వెర్షన్) మీదే ఉండండి.