పుస్తకానికి బంగారు బరిణె

అమ్మ వచ్చిన మర్నాడు డబ్లిన్‌లో ఒకటే వాన. కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి టికెట్ లేదు కదా అని అక్కడికి తీసుకెళ్లాను. జనమంతా తారా బ్రూచ్ అనే పాతకాలపు నగ చుట్టూ మూగితే, అమ్మ మాత్రం ఓ చిన్న పెట్టె ముందు ఆగిపోయింది.

అది సోషేల్ మొలాషే. సువార్త గ్రంథాన్ని దాచడానికి 11వ శతాబ్దం మొదట్లో డెవనిష్ దీవి మఠంవాళ్లు చేయించిన బరిణె. ఐరిష్‌లో ఇలాంటివాటిని కుమ్‌దాఖ్ అంటారు. ఎత్తు 15 సెంటీమీటర్లకు మించదు. ముందువైపు శిలువ, దాని చుట్టూ నలుగురు సువార్తికుల గుర్తులైన మనిషి, సింహం, ఎద్దు, గద్ద. మధ్య మధ్య సన్నటి బంగారు తీగపని. అంచున చెక్కిన అక్షరాల్లో, చేయించిన మఠాధిపతితోపాటు చేసిన కంసాలి గిల్లా బైహీన్ పేరూ ఉందని చెబితే అమ్మ తెగ సంతోషపడింది. లోపలి పుస్తకం మాత్రం ఎప్పుడో పోయింది.

"ఇంత బిగించేస్తే చదివేదెలారా?" అంది.

చదవడానికి కాదమ్మా అన్నాను. కాహఖ్ అనే కీర్తనల చేతిరాత ప్రతి ఉంది. ఓడొనెల్ వంశంవాళ్లు యుద్ధానికి ముందు దాన్ని పెట్టెతో సహా సైన్యం చుట్టూ మూడుసార్లు కుడివైపుగా తిప్పేవాళ్లు. "ప్రదక్షిణ" అంది అమ్మ వెంటనే. 1813లో తెరిచేసరికి లోపల ఆకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయి ఉన్నాయి. విడదీస్తే 58 మిగిలాయి. ఆ పెట్టె ఈ మ్యూజియంలోనే ఉంది, పుస్తకం మాత్రం దగ్గర్లోని రాయల్ ఐరిష్ అకాడమీది.

బుక్ ఆఫ్ కెల్స్ అనే పేరున్న సువార్త గ్రంథం బరిణె అయితే ఇప్పుడు అసలు లేదు. 1007లో కెల్స్ చర్చి నుంచి ఓ గొప్ప సువార్త గ్రంథాన్ని ఎత్తుకెళ్లారని అల్‌స్టర్ వార్షిక వృత్తాంతాల్లో ఉంది. అది ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. రెండు నెలల ఇరవై రోజుల తర్వాత మట్టిపెళ్ల కింద దొరికింది, బంగారం ఊడబెరికేసి. "దొంగకి చదువు రాదన్నమాట" అంది అమ్మ.

నా రేటింగ్ ఐదుకి ఐదు. తీరిగ్గా వెళ్లండి, అద్దానికి ముక్కు ఆనించి చూడాల్సిన పని ఇది.

బయట వేరే సావనీర్ షాపులో అలాంటి డిజైన్ రేకు డబ్బా ఒకటి కొన్నాం. అది దండగ. వారానికే మూత మీద రంగు పెచ్చులూడింది. అందులో అమ్మ పిన్నీసులు వేసుకుంటోంది.