సొంతంగా తొలి విదేశీ ప్రయాణం: ఉజ్బెకిస్తాన్ మేలా, లావోస్ మేలా?

విజయనగరం, బొబ్బిలి, పలాస, టెక్కలి వైపు నుంచి కొంతకాలంగా నాకు ఒకే ప్రశ్న వస్తోంది. బ్యాంకాక్, దుబాయి ప్యాకేజీలు వద్దు, ఏజెంటు వెంట తిరిగే యాత్ర వద్దు. పది రోజుల సెలవు దొరికితే మనవాళ్లు అంతగా వెళ్లని దేశానికి ఒక్కరుగానో ఇద్దరుగానో వెళ్లి రావాలంటే మధ్య ఆసియాలోని ఉజ్బెకిస్తాన్ మంచిదా, థాయిలాండ్ పక్కనున్న లావోస్ మంచిదా అన్నది ఆ ప్రశ్న. అడిగేవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు. ఈ రెండు దేశాల పరిచయం వారికి ఉన్నదే కనుక నేరుగా విషయానికి వస్తాను.

వీసాను బట్టి తేల్చుకోవాలని చాలామంది అనుకుంటారు గానీ, ఈ రెండింటి మధ్య అది పెద్ద తేడా కాదు. ఉజ్బెకిస్తాన్‌కు ఈ-వీసా ఉంది. ఒకసారి ప్రవేశించి 30 రోజులు ఉండే వీసాకు 20 డాలర్లు తీసుకుంటారు. లావోస్‌లో ప్రధాన విమానాశ్రయాల వద్ద, థాయిలాండ్ సరిహద్దులోని మైత్రీ వంతెన వద్ద దిగిన తర్వాత కూడా వీసా ఇస్తారు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైటులో మరోసారి చూసుకోవాలి. డబ్బు విషయంలోనూ జాగ్రత్త ఒకటే: చిరుగులు, గీతలు, మడతలు లేని డాలర్ నోట్లు దగ్గర ఉంచుకోవాలి. ఢిల్లీ నుంచి ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు నేరుగా వెళ్లే విమానం సుమారు మూడు గంటల్లో దింపుతుంది. లావోస్‌కు బ్యాంకాక్ వంటి చోట మారవలసి ఉంటుంది. మన జిల్లాల నుంచి ఎటు బయలుదేరినా వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతాయని లెక్క వేసుకోవడమే మంచిది.

నా దృష్టిలో తేల్చవలసింది దారి. ప్యాకేజీలో వెళ్లినవారికి బండి తప్పిపోతే ఆ బాధ్యత నిర్వాహకుడిది. సొంతంగా వెళ్లినవారికి ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లే ఏర్పాటు ఒక్కటి తప్పినా ఆ రోజుతో పాటు, దాని మీద ఆధారపడిన మరుసటి రాత్రి బస కూడా చేజారుతుంది. అందుచేత ఏ దేశాన్ని ఎంచుకునేటప్పుడైనా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: అనుకున్న బండి దొరకకపోతే అదే రోజు వెళ్లడానికి ఇంకేముంది?

ఉజ్బెకిస్తాన్‌లో ఈ ప్రశ్నకు మంచి సమాధానమే దొరుకుతుంది. తాష్కెంట్, చారిత్రక నగరాలైన సమర్‌కండ్, బుఖారా మూడూ ఒకే రైలు మార్గం మీద వరుసగా ఉన్నాయి. 2011లో మొదలైన అఫ్రాసియాబ్ అనే వేగవంతమైన రైలు తాష్కెంట్ నుంచి సమర్‌కండ్‌కు 344 కిలోమీటర్లను రెండు గంటలకు కాస్త పైన చేరుస్తుంది. 2016 నుంచి అది బుఖారా వరకూ వెళుతోంది. వసంతంలోనూ శరదృతువులోనూ ఈ రైలు టిక్కెట్లు వారాల ముందే అయిపోతాయన్నది నిజమే. కానీ అది దొరకకపోతే అదే మార్గంలో నెమ్మదిగా నడిచే మామూలు రైళ్లున్నాయి. అవీ నిండితే, నాలుగు సీట్లు నిండగానే బయలుదేరే షేర్ ట్యాక్సీలు ప్రతి ఊరి చివరా ఉంటాయి. ఊరి లోపల యాండెక్స్ యాప్‌తో కారు పిలిస్తే ధర ముందే కనిపిస్తుంది కనుక భాష రాకపోయినా బేరమాడే పని లేదు. బుఖారా దాటి కిజిల్‌కుమ్ ఎడారికి ఆవల ఉన్న పాత నగరం ఖీవాకు మాత్రం దూరం ఎక్కువ. తాష్కెంట్ నుంచి రాత్రి రైలు ఉంది గానీ, పది రోజుల యాత్రలో ఖీవాను చేర్చాలంటే మిగిలినవాటికి తొందర తప్పదు. తొలిసారి వెళ్లేవారు దాన్ని వదిలేయడమే మేలు. మన బసను నమోదు చేసి హోటలువారు ఇచ్చే కాగితాన్ని మాత్రం దేశం దాటేవరకు పారేయకూడదు.

లావోస్‌లో 2021 డిసెంబరులో చైనా సరిహద్దు వరకూ రైలు మార్గం ప్రారంభమైన తర్వాత ఉత్తర భాగం పూర్తిగా మారిపోయింది. రాజధాని వియంటియాన్ నుంచి ఉత్తరాన ఉన్న పాత రాజధాని లువాంగ్ ప్రబాంగ్‌కు కొండ దారిలో బస్సు మీద పగలంతా పట్టే ప్రయాణం ఇప్పుడు రెండు గంటల లోపే ముగుస్తోంది. స్టేషన్లు మాత్రం ఊళ్లకు దూరం. శ్రీకాకుళం వెళ్లేవారు ఆమదాలవలసలో దిగినట్లే అక్కడా దిగి, ఊళ్లోకి వ్యాను పట్టుకోవాలి. అసలు ఇబ్బంది ఆ రైలు తప్పినప్పుడు మొదలవుతుంది. నేల మీద మిగిలేది చాలావరకు పాత కొండ దారే, వానాకాలంలో అక్కడ కొండచరియలు విరిగిపడతాయి. దక్షిణానికి ఆ రైలు కూడా లేదు. వియంటియాన్ నుంచి పాక్సేకు రాత్రంతా బస్సులో పడుకుని వెళ్లాలి, లేదా విమానం ఎక్కాలి. థాయిలాండ్ సరిహద్దులోని హువే సాయ్ నుంచి మెకాంగ్ నది మీద లువాంగ్ ప్రబాంగ్‌కు వచ్చే పడవ రెండు రోజులు తీసుకుంటుంది. ఎంతో అందమైన ప్రయాణమది, అయితే పది రోజుల్లో రెండు దానికే ఇవ్వాలి.

చూడవలసినవాటిలో ఏ దేశాన్నీ తక్కువ చేయలేము. సమర్‌కండ్‌లోని రెగిస్తాన్ చౌకంలో ఆ నగరాన్ని ఏలిన ఉలుగ్ బేగ్ 1420 నాటికి కట్టించిన మదరసా ఒక వైపు, రెండు వందల ఏళ్ల తర్వాత దానికి ఎదురుగా లేచిన షేర్ దోర్ మదరసా మరో వైపు నిలిచి ఉంటాయి. వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టిన ఉలుగ్ బేగ్ వేధశాల అవశేషం కూడా ఆ నగరంలోనే ఉంది. లాల్ బహదూర్ శాస్త్రి 1966 జనవరిలో కన్నుమూసిన తాష్కెంట్‌లో ఆయన విగ్రహం దగ్గర కాసేపు నిలబడకుండా రావద్దని నా మనవి.

అయినా మన జిల్లాలవారిని లావోస్ వైపు గట్టిగా లాగేది ఒకటుంది. పాక్సేకు దక్షిణాన చంపాసక్ దగ్గర కొండవాలులో ఉన్న వాట్ ఫూ, కంబోడియాకు చెందిన ఖ్మేరులు కట్టిన శివాలయం. పైన కొండ శిఖరమే సహజ లింగంగా కనిపిస్తుంది. రాతిలోంచి ఊరే నీటిని ఒకప్పుడు కాలువ ద్వారా గర్భగుడిలోని లింగం మీదికి మళ్లించారు. తర్వాతి కాలంలో అది బౌద్ధ క్షేత్రమైంది. శ్రీముఖలింగంలో శివాలయాలనూ, శాలిహుండంలో బౌద్ధ స్తూపాలనూ చూస్తూ పెరిగిన మనకు, ఆ రెండు మతాలూ ఒకే కొండ మీద ఒకదాని తర్వాత ఒకటి నిలవడంలో ఏముందో ఎవరూ వివరించనక్కరలేదు. ఉత్తరాన, పురాతన రాతి జాడీలు పరుచుకుని ఉన్న జాడీల మైదానానికి వెళ్లేవారు మాత్రం తెల్లని గుర్తుల మధ్యనే నడవాలి. 1964 నుంచి 1973 వరకు అమెరికా వేసిన బాంబుల్లో పేలనివి ఆ నేలలో ఇంకా ఉన్నాయి.

తిండి విషయంలో లావోస్‌దే పైచేయి. అన్నం, చేప రెండూ అక్కడ రోజువారీ భోజనం. ఉజ్బెకిస్తాన్ పులావులో గొర్రె మాంసమో గొడ్డు మాంసమో ఉంటుంది. తినని వారు ముందే అడగాలి. పూర్తి శాకాహారులకు అక్కడ రొట్టె, టమాటా సలాడ్, పండ్లే ఆధారం. లావోస్‌లో కూరగాయల వంటల్లోనూ చేపల రసం పడుతుంది కనుక అక్కడా చెప్పించుకోవాలి.

ఇక సెలవులు. ఉజ్బెకిస్తాన్‌కు ఏప్రిల్, మే మొదటి సగం, సెప్టెంబరు, అక్టోబరు మంచివి. లావోస్‌కు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అంటే దసరా సెలవులు ఉజ్బెకిస్తాన్‌కు, సంక్రాంతి సెలవులు లావోస్‌కు సరిపోతాయి. విజయనగరంవారు దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం చూసుకుని బయలుదేరినా సమర్‌కండ్‌లో వాతావరణం హాయిగానే ఉంటుంది. వేసవి సెలవుల్లో జూన్ వరకు ఆగితే రెండూ కష్టమే. ఉజ్బెకిస్తాన్‌లో ఎండ, లావోస్‌లో వాన.

కజకిస్తాన్, జార్జియాల గురించి కూడా కొందరు అడిగారు. కజకిస్తాన్‌లో భారతీయులు 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. అల్మాటీ చుట్టూ కొండలు ఇష్టపడేవారికి నాలుగైదు రోజులకు బాగుంటుంది. జార్జియా అందమైన దేశమే గానీ, అమెరికా వీసా వంటిది పాస్‌పోర్టులో లేని తొలి ప్రయాణికులకు నేను సూచించను.

నన్ను ఒక్క పేరే చెప్పమంటే, తొలిసారి సొంతంగా వెళ్లేవారికి ఉజ్బెకిస్తాన్ చెబుతాను. లావోస్ రెండో ప్రయాణానికి, అదీ పన్నెండు రోజులకు తగ్గకుండా, దక్షిణం నుంచి మొదలుపెట్టి చేయదగినది. దసరాకు తాష్కెంట్ వెళ్లాలనుకునేవారు హోటళ్లు వెతకడానికి ముందే అఫ్రాసియాబ్ టిక్కెట్లు ఎప్పుడు విడుదలవుతాయో చూసుకుని, బుఖారా నుంచి తాష్కెంట్‌కు తిరిగి వచ్చే రైలును మొదట ఖాయం చేసుకోవాలి. విమానం ఎక్కాల్సిన రోజుకు కనీసం ఒక రోజు ముందుండేలా ఆ తేదీ పెట్టుకుంటే, మిగిలిన రోజులను దాని వెనక నుంచి అమర్చుకోవచ్చు.