వాలుగా, కొర్రమీనా, పంగాసా: పులుసుకు ఏది మేలు?

నన్నడిగితే వాలుగే. కాకపోతే పొద్దున్నే ప్రాణహిత ఒడ్డున పడవలోంచి దింపిన వాలుగ అయి ఉండాలి. మహారాష్ట్రలో ప్రాణహిత పక్కనున్న సిరొంచలో మా ఇంట్లో ప్రతి ఆదివారం ఇదే గొడవ: అత్తమ్మకు కొర్రమీను తప్ప ఇంకోటి చేపే కాదు, నాకు వాలుగ కావాలి, మా ఆయన చవగ్గా దొరికిందని పంగాస్ పట్టుకొస్తాడు.

మరాఠీ వాళ్లు శివడా అనేది ఈ వాలుగనే. దాని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు, పలికి చూడండి, మన మాటే వినిపిస్తుంది. ఒంటి మీద పొలుసు ఉండదు, మీసాలు రెండు పొడుగు, రెండు పొట్టి, నోరేమో కళ్లు దాటి వెనక్కి చీలి ఉంటుంది, లోపల వేలు పెడితే సన్న పళ్లు గరగరలాడతాయి. పగలు మడుగు అడుగున పడుండి, రాత్రయితే చేపల్నీ కప్పల్నీ మింగుతుంది. దొడ్డు ఉప్పుతో రుద్ది రుద్ది కడిగితే గానీ జిగురు పోదు, అదొక్కటే విసుగు. రవ్వ, బొచ్చె చేపల్లోలాగా కండలో సన్నముళ్లు ఉండవు కాబట్టి పిల్లలకు టెన్షన్ లేకుండా పెట్టొచ్చు, చింతపండు పులుసులో ముక్క వెన్నలా విడిపోతుంది.

కానీ చచ్చాక త్వరగా మెత్తబడిపోతుంది. మే ఎండల్లో మధ్యాహ్నం అంగడిలో వాలుగ కొనడం దండగ, అప్పుడు అత్తమ్మదే గెలుపు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది గనక తొట్టిలో బతికుండగానే అమ్ముతారు, మన కళ్ల ముందే కోయించుకోవచ్చు. ధర వింటేనే గుండె ఆగుతుంది.

పంగాస్ ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది వైపు చేప, 1990ల్లో మన దేశానికొచ్చి చెరువుల్లో పెరుగుతోంది. వేపుడుకు పర్లేదు. నా కోపమల్లా, పోయినేడు ఒకచోట ముక్కలు కొట్టి వాలుగ అని నాకు అంటగట్టారు, పొయ్యి మీద పెట్టాక చూస్తే పులుసంతా పసుపుపచ్చ కొవ్వు తేలింది. అందుకే ముక్కలు కొనకండి, చేపను నిండుగా చూడండి. వీపు మీద తోకకు దగ్గరగా ఇంకో చిన్న మెత్తటి రెక్క ఉంటే అది పంగాస్, వాలుగకు ఆ రెక్క ఉండదు.

వానాకాలం కొత్త నీళ్లకు కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కే వాలుగను మాత్రం నేను కొనను, ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇప్పటికే ముప్పున్న చేపల్లో దాని పేరుంది. ఆ రెండు నెలలు మా ఇంట్లో చెరువులో పెంచిన కొర్రమీనే, అత్తమ్మకు పండగే.