తలకోనలో నక్షత్రాలు చూపిస్తామనే ప్రకటనకు డబ్బు కట్టకండి

తిరుపతి, చిత్తూరు వాళ్ళ ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపల, తలకోన అడవిలో రాత్రంతా గుడారాల్లో ఉండి పాలపుంతను చూడవచ్చట. అటవీశాఖ అనుమతి, పెద్ద టెలిస్కోపు, భోజనం అన్నీ వాళ్ళే చూసుకుంటారట. మనిషికి 2,400 రూపాయలు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ముచ్చటపడిందని మేము నలుగురం 9,600 కట్టి వెళ్ళాం. మీరు కట్టకముందే ఈ నాలుగు మాటలు చదవండి.

శనివారం సాయంత్రం లీలామహల్ కూడలిలో టెంపో ఎక్కించారు. భాకరాపేట ఘాట్ దాటి నెరబైలు వైపు వెళ్ళేసరికి బాగా చీకటి పడింది. చెక్‌పోస్టు దగ్గర అటవీ సిబ్బంది బండి ఆపి అనుమతి పత్రం చూపించమన్నారు. నిర్వాహకుడు ఫోను చెవికి పెట్టుకుని పక్కకు వెళ్ళాడు. ఎంతసేపటికీ రాడు. చివరికి తేలింది ఏమిటంటే, అసలు అనుమతికి దరఖాస్తే చేయలేదు. లోపలి వసతి గృహాల్లో ముందుగా గది తీసుకున్నవారి సంగతి వేరు, ఈ వేళప్పుడు మిమ్మల్ని పంపలేమని సిబ్బంది మర్యాదగానే చెప్పారు. వాళ్ళ తప్పు రవ్వంత కూడా లేదు. 1989లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. పైగా ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే శేషాచలం కొండలు. ఆ మనిషి మమ్మల్ని ఏ దొడ్డిదారినో లోపలికి తీసుకెళ్ళి ఉంటే, చంటిపిల్లలతో, టార్చిలైట్లతో మా గతి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

బండి వెనక్కి తిప్పి, రోడ్డు పక్కన ఒక మామిడితోటలో దింపారు. కంచె మీద వరుసగా ట్యూబులైట్లు. ఆర్పమంటే, పాములు వస్తాయి, వద్దన్నారు. లైట్ల సంగతి అలా ఉంచితే, ఆ రోజు పుష్య పౌర్ణమి. చెట్ల కింద ఆకుల నీడలు కూడా స్పష్టంగా కనిపించేంత వెన్నెల. మా అమ్మ తల ఎత్తి పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) కోసం వెతికింది. "కళ్ళంలో పడుకుని ఆరు చుక్కలూ లెక్కపెట్టేవాళ్ళం రా, ఇక్కడ మూడే ఆనుతున్నాయి" అంది. అంత వెన్నెల్లో ఏ కొండ మీదికి వెళ్ళినా పాలపుంత కనిపించదు. వంటింటి క్యాలెండరులో తిథి చూసి ఉంటే ఆ పూటే తెలిసిపోయేది. నేను చూడలేదు, మీరు తప్పక చూడండి. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులే ఇలాంటి ప్రయాణానికి పనికివస్తాయి.

ప్రకటనలో వేసిన బొమ్మ ఇంకో మోసం. ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు మందంగా మెరిసే పాలపుంత నడిబొడ్డు అది. జనవరి మొదట్లో ఆ భాగం సూర్యుడి దిక్కునే ఉంటుంది. రాత్రంతా మేలుకున్నా కంటపడదు. మార్చిలో తెల్లవారుజామున, మే నెలలో అర్ధరాత్రికల్లా బాగా పైకి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు మన జిల్లాలను వదలవు కాబట్టి, ఆ నెలల్లో ముందే పూర్తి డబ్బు అడిగేవారి విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి.

ఇక టెలిస్కోపు. పెట్టె మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలు. నేను కటకం చుట్టూ రాసింది చదివాను: 50 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు రెండు రెట్ల లెక్కన మహా అయితే వంద రెట్లు చూపగలదు, ఆపైన మసకే. ఫోకస్ తిప్పే మర వదులై జారిపోతోంది. ముక్కాలి స్టాండు కాలు ఒకటి విరిగితే బట్టల తాడుతో కట్టారు. పిల్లల్లో ఎవరి చేయి తగిలినా చందమామ ఎగిరి పక్కకు పోయేది. వరుసలో ఇరవై నిమిషాలు నిలబడిన మా అమ్మాయికి ఒక తెల్లటి వెలుగు కనిపించింది, అంతే. నిండు చంద్రుడి మీద నీడలుండవు, గుంతలు తెలియవు. అష్టమి చంద్రుడైతే ఈ చిన్న గొట్టంలోనూ అంచున గుంతలు అందంగా కనిపించేవి. పాపం, ఇంటికి వచ్చేదాకా అది ఒక్క మాట మాట్లాడలేదు. నాకు డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

డబ్బు తిరిగి అడిగితే "కార్యక్రమం జరిగింది కదా సార్" అన్నాడు. రెండోసారి నుంచి ఫోను ఎత్తడం లేదు. నేను వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. ప్రకటన, డబ్బు పంపిన రసీదు, అతని సందేశాలు ముందే ఫోనులో దాచుకున్నాను కాబట్టి ఫిర్యాదుకు ఆధారం దొరికింది. మీరు కూడా ఏ యాత్రకైనా ఇలా దాచుకోండి. అనుమతి పత్రం ఫొటో పంపమని ముందే అడగండి. "అక్కడికి వచ్చాక చూపిస్తాం" అంటే అక్కడితో మాట ఆపేయండి.

అదే ప్రకటన నిన్న మళ్ళీ వచ్చింది, తేదీ మాత్రం మార్చారు. వచ్చే శనివారం. ఈసారి క్యాలెండరు చూశాను: మాఘ శుద్ధ చతుర్దశి, పౌర్ణమికి ముందు రోజు. ఇప్పటికే కట్టినవారు ఉంటే శుక్రవారం లోపే డబ్బు వెనక్కి అడగండి. మీకు తెలిసినవారికి కూడా ఈ మాట చేరవేయండి.