నల్గొండలో మా పిల్లల ఇంటర్నేషనల్ స్కూల్: పేరెంట్స్ మాట ఎక్కడిదాకా చెల్లింది

మా పెద్దమ్మాయి ఎల్‌కేజీలో చేరింది ఈ స్కూల్లోనే, ఇప్పుడు తొమ్మిదో తరగతి. చిన్నోడు ఐదో తరగతి. నల్గొండ చుట్టుపక్కల ఇంటర్నేషనల్ స్కూళ్లు ఇప్పుడు చాలానే వచ్చాయి కాబట్టి, మాది ఏదో పేరు చెప్పకుండానే రాస్తున్నాను. సిలబస్ సీబీఎస్ఈ. గ్రౌండ్ ఎంత, ల్యాబులు ఎలా ఉన్నాయి, ర్యాంకులు ఎన్ని అని అడిగితే చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది దొరుకుతారు. నేను రాస్తున్న సంగతి వేరు. స్కూల్ని నడిపేది ఎవరు, నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయి, ఫీజు కట్టే మన మాటకు అక్కడ ఎంత విలువ ఉంది. అడ్మిషన్ కోసం తిరిగేటప్పుడు ఇవి ఎవరూ అడగరు. చేర్పించాక మాత్రం రోజూ వీటితోనే పని.

చదువు విషయం ముందే చెప్పేస్తాను. బాగానే చెబుతున్నారు. మా అమ్మాయికి లెక్కలంటే భయం లేదు. 2018 చట్టంతో సీబీఎస్ఈ స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి అయ్యాక ఇక్కడ దాన్ని మొక్కుబడిగా కాకుండా మంచి టీచర్‌ని పెట్టి చెప్పించారు. పిల్లల మీద చెయ్యి చేసుకోరు. ఇవి ఉన్నాయి కాబట్టే ఇన్నేళ్లుగా స్కూల్ మార్చే ఆలోచన చేయలేదు.

ఇక నడిపే తీరు. మనకు కనిపించేది ప్రిన్సిపాల్, కానీ పగ్గాలు ట్రస్ట్ చేతిలో ఉంటాయి. అంటే కరస్పాండెంట్ సార్, ఆయన ఇంటివాళ్లు. మేం వచ్చాక ప్రిన్సిపాళ్లు మారారు, కరస్పాండెంట్ మారలేదు. ఏ ప్రిన్సిపాల్ మేడమ్‌ని ఏది అడిగినా చివరికి "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెప్తానమ్మా" అనే మాట దగ్గరే ఆగేది. అందులో ఆమె తప్పేం లేదు, ఆమెకు ఇచ్చిన అధికారమే అంత. సెక్షన్ మార్చడం, హోంవర్క్ తగ్గించడం, క్లాస్ టీచర్‌తో గొడవ తేల్చడం లాంటివి ఆమె ఆ రోజే చేసేసేది. డబ్బుతో ముడిపడింది ఏదైనా పైకి పోయేది, పోయింది మళ్లీ కిందికి వచ్చేది కాదు.

సీబీఎస్ఈ అఫిలియేషన్ నిబంధనల్లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఒకటి ఉంది. ప్రైవేటు స్కూల్లో అందులో 21 మందికి మించి ఉండకూడదు. ఇద్దరు తల్లిదండ్రులు, ఇద్దరు టీచర్లు ఉండాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. ఆ కమిటీ సభ్యుల లిస్టు, పేరెంట్ టీచర్ అసోసియేషన్ లిస్టు, ఫీజుల వివరాలు, గత మూడేళ్ల బోర్డు రిజల్ట్స్ అన్నీ స్కూల్ వెబ్‌సైట్లో మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ అన్న పేజీలో పెట్టాలి. ఈ పేజీ సంగతి మా క్లాస్ గ్రూపులో చాలామందికి తెలియదు. నేను మొదటిసారి ఫోన్లో తెరిచి చూసినప్పుడు తల్లిదండ్రుల తరఫున ఉన్న రెండు పేర్లలో ఒకటి నాకు తెలిసిన అక్కదే. ఆమె కొడుకు అప్పటికే పదో తరగతి అయిపోయి హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ చేసి, "అక్కా, నువ్వు స్కూల్ కమిటీలో ఉన్నవా?" అని అడిగాను. "ఎప్పుడో సంతకం పెట్టమన్నరు, పెట్టిన. మీటింగుకైతే ఎన్నడూ పిలవలే" అంది.

ఆ పేజీని ప్రింట్ తీసి, కొంతమంది పేరెంట్స్ సంతకాలతో ఒక లెటర్ ఇచ్చాం. గొడవ పెట్టుకోలేదు, ఆఫీసులో ఇచ్చి మా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. తర్వాతి విద్యా సంవత్సరంలో లిస్టు మారింది. క్లాసుల నుంచి పేర్లు తీసుకుని వాళ్లలో ఇద్దర్ని మేనేజ్‌మెంట్ ఎంచుకుంది. ఎన్నిక పెట్టమని అడిగాం, దానికి ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. అది సరికాదని నేను ప్రతి మీటింగులో చెబుతూనే ఉన్నాను.

మీటింగుల తీరు కూడా మారాల్సి వచ్చింది. మొదట్లో పేరెంట్స్ మీటింగంటే వారం మధ్యలో పొద్దున పదకొండింటికి, అంతా ఇంగ్లీషులో. ముందు వరుసలో డాక్టర్లు, లాయర్లు, పెద్ద కాంట్రాక్టర్లు. ఈ స్కూలు బస్సులు తిప్పర్తి, కనగల్, కట్టంగూర్ వైపు ఊళ్లకు పోతాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది వ్యవసాయం చేసేవాళ్లే, లేదంటే చిన్న షాపులు నడిపేవాళ్లు. నాట్ల టైంలో పదకొండింటికి వాళ్లెట్లా వస్తారు? వచ్చినవాళ్లు కూడా వెనక కూర్చుని డైరీలో సంతకం పెట్టి పోయేవాళ్లు. మీటింగు శనివారం సాయంత్రానికి మారింది. ఒక ప్రిన్సిపాల్ మేడమ్ తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ రోజు తిప్పర్తి వైపు నుంచి వచ్చిన ఒకామె లేచి బస్సు ఎమర్జెన్సీ డోరు గురించి చెప్పింది. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. దాని గురించి మళ్లీ చెప్తాను, ముందు నీళ్ల సంగతి.

నల్గొండ వాళ్లకు నీళ్ల విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. మా అత్తమ్మది మర్రిగూడ మండలం. ఆమె నడుము వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటే చూస్తూ పెరిగిన పిల్లలు మావాళ్లు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మాకు ఇంట్లోనే తెలుసు. స్కూల్లో తాగే నీళ్లు ఎక్కడివని అడిగితే ఆర్వో ప్లాంట్ ఉందన్నారు. స్కూలు ఆఫీసు పనులు చూసే ఏఓ సార్ నన్ను తీసుకెళ్లి మెషిన్ మీద టీడీఎస్ అంకె చూపించారు, తక్కువే ఉంది. కానీ టీడీఎస్ నీళ్లలో కరిగిన లవణాలన్నింటి లెక్క, ఫ్లోరైడ్ ఎంతో అది విడిగా చెప్పదు. ఫ్లోరైడ్ తెలియాలంటే ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. తాగునీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మరిగిస్తే పోయేది కూడా కాదు.

ఈ మాట పేరెంట్స్ మీటింగులో నోటితో చెప్పినప్పుడు అందరూ తలూపారు, ఏమీ జరగలేదు. మరుసటి ఏడాది కొత్త కమిటీలోని పేరెంట్ మెంబర్ ద్వారా అజెండాలో పెట్టించాం. మీటింగులో తేలింది రాసుకునే మినిట్స్‌లో రాశారు: బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు రెండూ పరీక్షకు పంపాలి, రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టాలి, బాధ్యత ఏఓది, గడువు నెల. నెలలోపే రిపోర్టు వచ్చింది. ఆర్వో నీళ్లు 1 లోపే, బోరు నీళ్లు 1.5 దాటాయి. తాగేవి ఆర్వోవే కదా అని వదిలేయొచ్చు. కానీ ప్రైమరీ బ్లాకులో చేతులు కడుక్కునే కుళాయిల్లో వచ్చేవి బోరు నీళ్లు. ఆర్వో కుళాయిలు అవతలి బిల్డింగులో. లంచ్ తర్వాత చిన్నపిల్లలు అంతదూరం పోతారా? అక్కడే దోసిలి పట్టి తాగేస్తున్నారు. మా చిన్నోడే చెప్పాడు, "మేమంతా ఇక్కడే తాగుతం అమ్మా" అని. ఆ వేసవిలో ఆర్వో లైను ప్రైమరీ బ్లాకు దాకా పొడిగించారు. ఇప్పుడు ఆరు నెలలకోసారి రిపోర్టు బోర్డులో పెడుతున్నారు, కింద ఫిల్టర్ మార్చిన తేదీతో సహా. ఈ ఒక్క విషయంలో స్కూలుకు పూర్తి మార్కులు ఇస్తాను. రాతలో పడగానే పనిచేశారు.

బస్సుల దగ్గరా అంతే. మన దగ్గర స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది. జూన్ 12న స్కూళ్లు తెరిచేలోపు మళ్లీ ఆర్టీఏ దగ్గర చేయించాలి. డ్రైవర్ వయసు 60 దాటకూడదు. పేరెంట్స్ కమిటీ వేసి నెలకోసారి బస్సు కండిషన్ చూడాలని కూడా రూల్స్‌లో ఉంది, దాన్ని పట్టించుకునే స్కూళ్లు తక్కువ. 2014 జూలై 24న మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు ఢీకొట్టిన సంగతి తెలంగాణలో ఏ తల్లీ మర్చిపోలేదు. తిప్పర్తి రూట్ బస్సు ఎమర్జెన్సీ డోరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, లోపలి నుంచి పెద్దవాళ్లు నెట్టినా రావట్లేదు. డ్రైవర్ అన్న ఎప్పుడో చెప్పాడట, చెప్పిన మాట ఎక్కడో ఆగిపోయింది. ఇప్పుడు ప్రతి రూటుకి ఇద్దరు పేరెంట్స్ ఉన్నారు. నెలకోసారి డోరు తెరిచి మూసి, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తీసి చూసి, రిజిస్టర్లో సంతకం పెడతారు. పది నిమిషాల పని. వాళ్లు వచ్చేది బస్సు రూట్లోని ఊళ్ల నుంచే, పట్టణం నుంచి కాదు. అది నాకు బాగా నచ్చింది.

ఫీజుల దగ్గరకొస్తే ఇదంతా ఆగిపోతుంది. ఫిబ్రవరిలో సర్క్యులర్ వస్తుంది, వచ్చే ఏడాది ఇంత అని. కమిటీ ముందు పెట్టరు, అజెండాలో ఉండదు. పేరెంట్ మెంబర్లకు కూడా మాతోపాటే వాట్సాప్‌లో తెలుస్తుంది. అడిగితే "పది శాతం లోపే పెంచాం" అంటారు. 2017లో ప్రభుత్వం వేసిన ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ చెప్పిన పది శాతం అది. పెంపు ఎంతన్నది ఒక ప్రశ్న, ఎందుకన్నది ఇంకో ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రైవేటు స్కూలు వసూలు చేసే ఫీజు ఎట్లా ఖర్చు పెట్టాలో చెప్పింది. సగం టీచర్ల జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్‌కు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం స్కూలు అభివృద్ధికి, మిగిలిన 5 శాతం యాజమాన్యానికి. మా అమ్మాయికి ఒకే ఏడాదిలో సైన్స్ టీచర్ రెండుసార్లు మారింది. వెళ్లిపోతున్న మేడమ్‌ని ఎందుకని అడిగితే జీతం చాలట్లేదని మెల్లగా చెప్పింది. బస్సుతో కలిపి మేం కట్టేది ఒక్కో పిల్లకు లక్ష దాటింది. అందులో సగం జీతాలకు పోతోందా అని అడిగే హక్కు మాకుందనే నేను నమ్ముతున్నాను. ఆడిట్ లెక్కలు చూపించమని రాతపూర్వకంగా అడిగితే ట్రస్ట్ లోపలి విషయమని జవాబొచ్చింది, అదీ నోటితోనే.

ఒక్కసారి మాత్రం ఫీజు దగ్గర మా మాట నెగ్గింది. కరోనా టైంలో, 2020 ఏప్రిల్ 21న ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఆ ఏడాది ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి. స్కూలు మొదట టర్మ్ ఫీజు మొత్తం అడిగింది. జీవో కాపీ తీసుకుని పోయాక తగ్గించింది. అప్పుడు మా చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది. ఇప్పుడు లేదు, కమిటీలో ఇద్దరు ఉన్నారు, అంతే.

మా ఆడబిడ్డ పిల్లలు దేవరకొండ వైపు ప్రభుత్వ బడిలో చదువుతారు. విద్యా హక్కు చట్టం అక్కడి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చి, మహిళా సంఘాల వాళ్ల చేతికి బడి రిపేర్ల పని ఇచ్చాయి. అక్కడి ఇబ్బందులు అక్కడున్నాయి, కాదనను. కానీ బాత్రూం డోరు పెట్టించింది ఎవరు, ఎంతయింది అంటే ఆమె టక్కున చెప్పగలదు. లక్ష కట్టే నేను చెప్పలేను.

ఈ స్కూల్లో చేర్పించొచ్చా అని అడిగేవాళ్లకి చేర్పించమనే చెప్తాను. పిల్లలు సంతోషంగా పోతారు, అడిగితే వినేవాళ్లు ఉన్నారు. అడ్మిషన్ డబ్బు కట్టకముందే ఆ డిస్‌క్లోజర్ పేజీ తెరిచి చూడండి. అందులో ఉన్న పేరెంట్ మెంబర్ల పిల్లలు నిజంగా ఇప్పుడు అక్కడ చదువుతున్నారా కనుక్కోండి. పోయినసారి మీటింగ్ మినిట్స్ చూపించమనండి. పోయినేడాది ఎంతమంది టీచర్లు మానేశారో అడగండి. ఆఫీసులో విసుక్కుంటే విసుక్కోనీయండి. ఏదైనా సమస్య ఉంటే వాట్సాప్ గ్రూపులో రాసి వదిలేయకండి, లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకోండి.

ఈసారి ఫిబ్రవరి సర్క్యులర్ రాకముందే ఫీజు విషయాన్ని కమిటీ అజెండాలో పెట్టాలని, జీతాలకు ఎంత శాతం పోతోందో ఆ మీటింగులో చెప్పాలని మేం లెటర్ ఇచ్చాం. బస్సు రూట్ల పేరెంట్స్ కూడా సంతకాలు పెట్టారు. ప్రిన్సిపాల్ మేడమ్ తీసుకుని కరస్పాండెంట్ సార్‌కు పంపానన్నారు. జవాబు రాతలో ఇవ్వమని అడిగాం, అదింకా రావాల్సి ఉంది.